పసుపు తల పురుగు

లేని పురుగొకటి వచ్చి ధాత్రి కొంప ముంచబోయింది.

ఉన్న పురుగులకే ఆ ఇంట్లో కొదవ లేదు. ఆ పరాయి దేశంలో, కిచెనర్ అనే ఊళ్ళో, కోదండరామ్ అంకుల్ గారి బేస్‌మెంట్‌లో లైటు వేస్తే చాలు, బొద్దింకలు పెళ్ళిపందిట్లో పిల్లల్లా నాలుగు వైపులా పరిగెత్తేవి. రెండుసార్లు మందు కొట్టించినా చావలేదు. అయినా ఆ ఏడాది ఆ ఊళ్ళో బేస్‌మెంట్ దొరకడమే గొప్ప. బస్సుల్లో, కాఫీ షాపుల్లో, గోడౌన్లలో ఎటు చూసినా మన పిల్లలే. ఒక హాలుకి అడ్డంగా దుప్పటి కట్టి రెండు గదులని చెప్పి అద్దెకిచ్చే మహానుభావులున్న రోజులవి. ధాత్రికీ సాత్వికకీ కలిపి ఒకటే గదైనా, తలుపున్న గది దొరికింది.

ధాత్రిది తుని. సాత్వికది జనగామ. ఒకే కాలేజీ, ఒకే బయోటెక్ కోర్సు. పార్ట్‌టైమ్ షిఫ్టులు మాత్రం వేరు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే జత మంచు బూట్లు, అవి సాత్వికవి. ధాత్రి కొనుక్కుంటానన్నప్పుడల్లా, "ఎందుకే, సైజు ఒకటే కదా, సరిపోతున్నయి" అనేది సాత్విక. క్లాసున్న రోజు ఒకరు బూట్లు వేసుకుంటే ఒకరు మామూలు షూస్‌లో రెండు జతల సాక్సులు తొడుక్కోవాలి, వంతులవారీగా. ధాత్రి షిఫ్టు నుంచి వచ్చి విప్పగానే సాత్విక కాళ్ళు పెట్టుకుని, "మంచిగ వెచ్చగ చేసిచ్చినవే" అని నవ్వుకుంటూ తన షిఫ్టుకి పోయేది. ఆ మాట రోజూ అనేది. రోజూ ఇద్దరూ నవ్వేవాళ్ళు.

అలాంటి ఇంట్లోకి డాక్టర్ బ్లెయిర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, ఇద్దరికీ విడివిడిగా. వచ్చి కలవండి, విడివిడిగానే.

బ్లెయిర్ మేడం వాళ్ళకి పరిణామ సిద్ధాంతం చెప్పేది. మనిషి మంచిది, నవ్వితే గోడలదిరేవి. ఉద్యోగంలో సగం కాలం పొలాల్లో బంగాళాదుంప పురుగుల వెంట తిరిగిన మనిషి. ఆ రోజు మాత్రం నవ్వలేదు. మిడ్‌టర్మ్ పేపర్లు రెండు బల్ల మీద బోర్లించి పెట్టుకుంది.

"పురుగుమందులు కొన్నాళ్ళకి ఎందుకు పనిచెయ్యవో ఉదాహరణతో రాయమన్నాను. నువ్వు పత్తి చేలో కాయతొలిచే పురుగు గురించి రాశావు. మందు కొడితే వందలో రెండు బతికాయి, వాటి పిల్లలకీ ఆ శక్తి వచ్చింది. అంతవరకూ బాగుంది. ఆ బతికిన రెండూ పసుపు తల పురుగులన్నావు. ఎక్కడిదీ పసుపు తల?"

"మా ఇంటర్ సార్ చెప్పారు మేడం. వీర్రాజు సార్. విజయవాడలో."

"అలాంటి పురుగు లేదు, ధాత్రీ. నేను వెతికాను. తెలిసినవాళ్ళని అడిగాను. మందుకి తట్టుకున్న పురుగుకీ చచ్చిన పురుగుకీ పైకి ఏ తేడా ఉండదు. అదే రైతుకొచ్చిన చిక్కు."

ధాత్రికి వీర్రాజు సార్ క్లాసు కళ్ళముందు కదిలింది. హాస్టల్లో నిద్రమొహాలేసుకుని కూర్చున్న బైపీసీ పిల్లలందరి చేతా నెత్తి మీద రెండుసార్లు కొట్టించి, "పసుపు తల బతికింది, పత్తి చేను పోయింది!" అని ఏకకంఠంతో అనిపించేవాడు. పిల్లలకి గుర్తుండాలని ఆ పెద్దమనిషి పురుగుకి రంగేశాడన్నమాట! పురుగుకి లేని పసుపు పూసి, దాన్ని ఆయన పరీక్షలు దాటించి, సముద్రాలు దాటించి, ఇక్కడిదాకా పంపాడు.

"ఈ లేని పురుగు రెండు పేపర్లలో ఉంది," అంది బ్లెయిర్. "నీ దాంట్లో, సాత్విక దాంట్లో. మీరు ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. క్లాసులో ఏం చెప్పాను? మనకీ చింపాంజీకీ చుట్టరికం ఉందనడానికి ఏది గట్టి సాక్ష్యం?"

ధాత్రికి అది నోటికి వచ్చు. విటమిన్ సి తయారుచేసుకునే జీన్ మనలో చెడిపోయింది. చింపాంజీలోనూ చెడిపోయింది, అదే జీన్, అదే తీరులో. ఒప్పులు ఎవరికి వాళ్ళకి రావచ్చు. ఒకే తప్పు ఇద్దరిలో ఉంటే మాత్రం అది ఎక్కడినుంచో దిగి వచ్చినట్టే.

"సాత్విక ఏమంది మేడం?"

"తన సార్ చెప్పాడంది. హైదరాబాద్‌లో. వేరే కాలేజీ, వేరే సార్. లేని పురుగు రెండు ఊళ్ళలో ఎలా పుడుతుంది?" ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎవరు ఎవరిది చూశారో శుక్రవారంలోగా నాకు రాయండి. నిజం చెప్పినవాళ్ళచేత మళ్ళీ పరీక్ష రాయిస్తాను. లేకపోతే ఇద్దరి పేర్లూ కాపీ కేసులు చూసే కమిటీకి వెళ్తాయి. ఒకరు రాసింది రెండోవాళ్ళకి పంపడం నా బాధ్యత, అది రూలు."

ఆ చివరి మాట ధాత్రి చెవికెక్కలేదు. కమిటీ అన్న దగ్గరే ఆ పిల్ల చెవులు మూసుకుపోయాయి. కమిటీ అంటే కోర్సు ఫెయిల్. కోర్సు పోతే టర్మ్ పోతుంది. టర్మ్ పోతే స్టడీ పర్మిట్ మాటేమిటో, రేపటి వర్క్ పర్మిట్ మాటేమిటో ఎవడు చెప్పగలడు? చేతిలోంచి అంతా జారిపోతున్నట్టు అనిపించింది ధాత్రికి. తను ఎవరి పేపరూ చూడలేదు. ఆ సంగతి తనకి తెలుసు. అంటే?

అంటే చూసింది సాత్విక!

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. దానికి తిండి పెట్టక్కర్లేదు, చూసినవన్నీ అదే తింటుంది. ఆ సాయంత్రం నుంచి ధాత్రి కళ్ళు గూఢచారి కళ్ళయిపోయాయి. సాత్విక ఫోన్ బోర్లా పెట్టింది. ఎందుకు? సాత్విక వాళ్ళక్కతో మాట్లాడుతూ గొంతు తగ్గించింది. ఏం దాస్తోంది? ఎప్పుడూ పదిమాటలాడేది రెండు మాటలతో సరిపెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కాకపోతే ఏమిటిది? పరీక్ష రోజు సాత్విక పెన్ను కిందపడితే వంగి తీసుకోవడం కూడా గుర్తొచ్చింది. నిజంగా పడిందో, ధాత్రి ఇప్పుడు పడేసిందో, ఆ దేవుడికే తెలియాలి.

"నీతో ఏమన్నది మేడం?" అని సాత్విక ఒక్కసారి అడిగింది.

"నీతో ఏమందో నాతోనూ అదే," అంది ధాత్రి.

"నేనైతే మా సార్ చెప్పిందే రాసిన."

"నేనూ మా సార్ చెప్పిందే రాశాను."

అంతే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో ధాత్రికి కావలసిన దొంగతనం అంతా కనిపించింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, ఆ పిల్లకి సాత్విక తల కూడా పసుపురంగులోనే కనిపించి ఉంటుంది.

మర్నాడు పైకి వెళ్ళి, వాషింగ్ మెషిన్ వంకతో కోదండరామ్ అంకుల్‌కి చెప్పుకుంది. ఆయన అమెరికాలో పదేళ్ళు, ఇక్కడ ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ చేసిన అనుభవశాలి. ప్రపంచంలో ఆయనకి తెలియనిది లేదు, తెలుసుకోవలసిన అవసరం అసలే లేదు. మొన్నటికి మొన్న, "మనిషి కోతి నుంచి పుడితే కోతులింకా ఎందుకున్నాయమ్మా? మీ మేడంని అడుగు" అని పగలబడి నవ్వాడు. "కోతి నుంచి కాదంకుల్. వాటికీ మనకీ ఒకే పాత తాత. అవి మన పిన్ని పిల్లల్లాంటివి" అని ధాత్రి చెబితే, "మీ పిన్ని ఊరుకుంటుందా?" అని ఇంకోసారి నవ్వాడు.

ఇప్పుడు మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్. నేను లేఆఫ్‌లు చూశాను. ముందు నోరు విప్పినవాడే మిగులుతాడు. ఆ అమ్మాయి ఈపాటికి నీ మీద రాసేసే ఉంటుంది."

ఆ 'ఫిట్టెస్ట్' మాటని బలిసినవాళ్ళు ఎలా వాడుకున్నారో బ్లెయిర్ మేడం ఒక క్లాసంతా చెప్పింది. కూలీలకి జీతం ఎగ్గొట్టిన మిల్లు యజమానులూ, ఊళ్ళు ఆక్రమించిన దొరలూ దాన్నే అడ్డం పెట్టుకున్నారని, ప్రకృతిలో జరిగేది వేరు, మనిషి చెయ్యాల్సింది వేరని. అంతకుముందు పెట్టిన క్విజ్‌లో ఆ ప్రశ్నకి ధాత్రికి ఫుల్ మార్కులు పడ్డాయి. మార్కులు పడ్డంతమాత్రాన బుద్ధి రావాలని రూలేం లేదు కదా.

'ఈపాటికి రాసేసే ఉంటుంది' అన్న మాట పట్టుకుని ధాత్రి కిందికి దిగింది. సాత్విక షిఫ్టులో ఉంది. మంచం మీద కూర్చుని ఫోన్‌లోనే టైప్ చేసింది. నేను ఎవరి పేపరూ చూడలేదు. సాత్విక నా వెనకే కూర్చుంది. ఆమె చాలాసార్లు ముందుకు వంగడం గమనించాను. ఆమె నా జవాబు చూసి రాసిందని నమ్ముతున్నాను. 'చాలాసార్లు' దగ్గర ఒక్క క్షణం వేలు ఆగింది. ఆగి, సెండ్ నొక్కింది.

పంపాక గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. నా కొంప నిలబడింది, అంతే చాలు అని పదిసార్లు చెప్పుకుంది. ఆ రాత్రి సాత్విక వచ్చి బూట్లు విప్పి, తడి పోయేలా హీటర్ పక్కన, ధాత్రికి అందేలా పెట్టింది. పొద్దున్న వంతు ధాత్రిది మరి.

పొద్దున్నే బొద్దింకల మందు కొట్టే మనిషి వచ్చాడు. పేరు నర్సింహ. ఆదిలాబాద్ వైపు వాడు, రెండేళ్ళ క్రితం స్టూడెంట్‌గానే వచ్చి ఇప్పుడు ఈ పనిలో కుదురుకున్నాడు. సాత్విక అప్పటికే లైబ్రరీకని వెళ్ళిపోయింది. ధాత్రి వంటింటి అరల్లో గిన్నెలన్నీ బయటికి తీసి పెడుతుంటే, అతను మోకాళ్ళ మీద కూర్చుని సింకు కిందికి టార్చి వేశాడు.

"పోయినసారి ఎవరు కొట్టిన్రు మేడం? ఇదే మందా?"

"అదేనట. రెండుసార్లు కొట్టారు. చావట్లేదండీ."

"యాడ సస్తయ్ మేడం?" అని అతను నవ్వి, రబ్బరు గ్లోవ్ వేసుకున్న చేత్తో నెత్తి మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. "పసుపు తల బతికింది, పత్తి చేను పోయింది!"

ధాత్రి చేతిలో కుక్కర్ మూత నేలమీద పడి గింగిరాలు తిరిగింది.

"ఏమన్నారు?"

"ఏం లే మేడం, ఇంటర్ల మా సార్ చెప్తుండె. మా ఆదిలాబాద్ పత్తిల మందు కొడితె పసుపు తల పురుగులే మిగిలినయంట. గందుకే మందు మార్చాలె." అతను డబ్బా మూత విప్పుకుంటూ మామూలుగా చెప్పుకుపోయాడు.

"ఏ సారు? ఎక్కడ?"

"కరీంనగర్ల. మంచిగ చెప్తుండె. అంతకుముందు బెజవాడల చేసిండట. ఏమైంది మేడం, గట్ల నిలవడ్డరు?"

ధాత్రి అక్కడే గిన్నెల మధ్య కూర్చుంది. మన కార్పొరేట్ కాలేజీల సంగతి తెలియనిదెవరికి? లెక్చరర్లని ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎగరేసుకుపోతుంటారు. విజయవాడ సారు కరీంనగర్ పోతాడు, ఆయన పక్కన కూర్చున్న సారు హైదరాబాద్ పోతాడు. పోతూ పోతూ పాయింట్లూ పద్యాలూ పట్టుకుపోతారు. వీర్రాజు సార్ అయినా ఆ పురుగుని సొంతంగా కన్నాడో, ఇంకెవరి దగ్గర ఎత్తుకొచ్చాడో! ఊరు మారినప్పుడల్లా చేను పేరు మారుతుంది. తల రంగు మాత్రం మారదు.

సాత్విక తన పేపర్ చూడలేదు. తను సాత్విక పేపర్ చూడలేదు. కోతి నుంచి మనిషి పుట్టలేదు, ఇద్దరికీ ఒకే పాత తాత! ఇదే మాట అంకుల్‌కి తనే చెప్పింది. తనకి తను చెప్పుకోలేకపోయింది.

నర్సింహని మందు కొట్టుకోమని చెప్పి, చేతికందిన కోటు తగిలించుకుని, హీటర్ పక్కనున్న బూట్లలో కాళ్ళు దూర్చి పరుగెత్తింది. బస్సు ఎక్కాక సాత్వికకి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

బ్లెయిర్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. నమ్మినట్టు లేదు.

"మందు కొట్టే అతనూ మీవాడే కదా? నువ్వే నేర్పి ఉండొచ్చు."

నిన్నటిదాకా ఆ అనుమానం తన ఆయుధం. ఇవాళ తన మీదికి తిరిగింది. ఎలా ఉంటుందో ధాత్రికి తెలిసొచ్చింది.

"అయితే మీరే అడగండి మేడం. కింద క్యాంటీన్‌లో సగం మందిమి మేమే ఉంటాం. ఎవరిని అడగాలో నేను చెప్పను. నోరు కూడా విప్పను."

బ్లెయిర్ లేచింది. ధాత్రిని దూరంగా గోడ దగ్గర నిలబెట్టి, మన పిల్లలు గుంపుగా కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళి, పత్తి పురుగులకి మందు ఎందుకు పనిచెయ్యదో ఎవరికైనా తెలుసా అంది. పకోడీ తింటున్న అబ్బాయి కంగారుగా లేచి, "మాది ఎంపీసీ మేడం" అన్నాడు. ఇంకొకడు తనకసలు ఆ క్లాసే లేదని చేతులెత్తేశాడు. రెండో బల్ల దగ్గర మరో ఇద్దరు తలలు అడ్డంగా ఊపారు. అప్పుడు వాళ్ళ పక్కన ఫోన్ చూసుకుంటున్న పిల్ల, ఆదోని నుంచి వచ్చిన స్వీటీ అట, తల కూడా ఎత్తకుండా నెత్తి మీద రెండుసార్లు కొట్టుకుంది.

"ఎల్లో హెడ్ మేడం. ఎల్లో హెడ్ సర్వైవ్స్."

బ్లెయిర్ గోడలదిరేలా నవ్వింది. స్వీటీని ఎవరు చెప్పారు, ఎక్కడ చదివావు, ఏ ఊరి పత్తి అని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. ఆదోని పత్తి అంది స్వీటీ. మెట్లెక్కుతూ, "నాదే తప్పు. ఒకే తప్పు కనిపించగానే ఒకరి నుంచి ఒకరు అనుకున్నాను. అలా అనుకోవద్దని ముప్పై ఏళ్ళుగా నేనే పాఠం చెబుతున్నాను," అంది.

గదిలోకి వచ్చి రెండు పేపర్లూ తిప్పి ధాత్రి ముందు పెట్టింది. ధాత్రి రాసింది గుంటూరు పత్తి. సాత్విక రాసింది వరంగల్ పత్తి.

"ఊరు మార్చడం దొరక్కుండా ఉండటానికి అనుకున్నాను," అంది బ్లెయిర్. "కమిటీకి ఏమీ పంపను. పురుగు ఉన్నందుకు మాత్రం ఇద్దరికీ చెరో మార్కు తీసేస్తాను."

ధాత్రి ప్రాణం కుదుటపడింది. థాంక్స్ మీద థాంక్స్ చెప్పి తలుపు దాకా వెళ్ళి, ఆగింది.

"మేడం, నిన్న నేను రాసిన మెయిల్... అది తీసేస్తారా?"

బ్లెయిర్ నవ్వు తగ్గింది. "పొద్దున్నే సాత్వికకి పంపేశాను. రూలు అని చెప్పాను కదా."

"తను నా మీద ఏం రాసింది?"

"రాసి ఉంటే నీకు వచ్చేది," అంది బ్లెయిర్.

తిరుగు బస్సులో ధాత్రి కూర్చోలేదు, సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది. ఆనందం ఎటు పోయిందో తెలియదు. ఏం చెప్పాలో రకరకాలుగా అనుకుంది. అంకుల్ చెప్పాడు, భయపడ్డాను, నా స్థితిలో ఎవరున్నా ఇదే చేస్తారు. ఏదీ సరిపోలేదు.

బేస్‌మెంట్‌లో మందు వాసన ఇంకా పోలేదు. సాత్విక వంటింట్లో గిన్నెలు కడిగి అరల్లో సర్దుతోంది. ధాత్రివి ధాత్రి అరలో, తనవి తన అరలో. షిఫ్టు యూనిఫామ్ వేసుకుని సిద్ధంగా ఉంది.

"మేడం ఫోన్ చేసింది. అయిపోయిందంట కదా," అంది వెనక్కి తిరగకుండానే.

"సాత్వికా, నేను..."

"నీది గుంటూరంట. నాది వరంగల్." కుక్కర్ మూత తుడిచి పెట్టింది. "నేను గూడ నువ్వే చూసి రాసినవనుకున్న. మస్తు కోపమొచ్చింది. మేడం అడిగినప్పుడు నోటిదాక వచ్చింది."

"మరి?"

"చెప్పలే."

"ఎందుకు చెప్పలేదే?"

సాత్విక కాసేపు ఆలోచించింది, నిజంగానే కారణం వెతుకుతున్నట్టు. "ఏమో. చెప్పబుద్ధి కాలే," అంది.

అదే పురుగు, అదే భయం, అదే అనుమానం ఇద్దరికీ వచ్చాయి. ఆ మెయిల్ మాత్రం ధాత్రి ఒక్కదానిదే. 'చాలాసార్లు ముందుకు వంగింది' అన్న మాట ఏ సారూ చెప్పలేదు, ఏ క్లాసులోనూ వల్లించలేదు. అది తన బుర్రలో పుట్టింది, తన వేళ్ళతో బయటికి వచ్చింది.

"బూట్లు ఇస్తవా? నాకు టైమైతుంది," అంది సాత్విక.

అప్పుడు కిందికి చూసుకుంది ధాత్రి. తన కొంప నిలబెట్టుకోవడానికి పొద్దున్నుంచీ ఊరంతా తిరిగింది సాత్విక బూట్లతోనే. మెట్ల మీద కూర్చుని లేసులు విప్పి, రెండూ జోడించి ముందుకు జరిపింది. సాత్విక కాళ్ళు పెట్టుకుంది. బూట్లు వెచ్చగానే ఉండి ఉంటాయి. వంగి లేసులు గట్టిగా కట్టుకుంది, సంచి భుజాన వేసుకుంది, తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు.

ధాత్రి సాక్సులతో ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చుంది, రోజూ వినే ఆ ఒక్క మాట కోసం.